పాఠం 14: చేసిన పనిని చూపటం - ఇంటర్నెట్‌లో ఇంటీరియర్ డిజైనర్ పరిచయం

14.0 పరిచయం

కిందటి పాఠాల్లో దరఖాస్తులు, ఉత్తరాలు రాసే పద్ధతి తెలుసుకొన్నారు. ఈ పాఠంలో ఒక వృత్తిని పదిమందికీ పరిచయం చేసే రాత నేర్చుకొందాం. ఉదాహరణకు ఇంటీరియర్ డిజైనర్ వృత్తిని తీసుకొన్నాం. ఇంటి లోపలి గదులను వాడుకకు, చూపుకు అనువుగా తీర్చిదిద్దటం ఈ వృత్తి. వంటగది, కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్, పూజగది, దీపాలు, రంగులు అన్నీ ఇందులోకి వస్తాయి.

పూర్వం ఈ పని నోటిమాట మీద నడిచేది. ఒక ఇంట్లో పని బాగుంటే గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు చూసి ఫోను నంబరు అడిగి తీసుకొనేవారు. నోటిమాటకు ఇప్పటికీ విలువ ఉంది. అయితే నంబరు తీసుకొన్నవారు వెంటనే ఫోను చేయటం లేదు. ముందు ఇంటర్నెట్‌లో మీ పేరు వెతుకుతున్నారు. అక్కడ ఏమీ కనపడకపోతే ఆగిపోతున్నారు.

మీరు డిజైనర్ కావచ్చు, వడ్రంగి మేస్త్రి కావచ్చు, ఇంకా పని నేర్చుకొంటూ ఉండవచ్చు. చేతిలో పని ఉండి, దాన్ని నాలుగు మాటల్లో చెప్పలేకపోవటం వల్ల అవకాశం పోకూడదు. అలాగే లేనిది చెప్పి తెచ్చుకొన్న పని నిలవదు. ఇల్లు చేయించుకొనేవారు చాలాసార్లు అప్పు తెచ్చిన డబ్బుతో, ఏళ్లు కూడబెట్టిన డబ్బుతో వస్తారు. కాబట్టి ఇక్కడ ప్రతి మాటకూ బరువు ఉంటుంది.

14.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మీ పని గురించి స్పష్టమైన పరిచయ వాక్యాలు రాయగలుగుతారు.
- పనికి సంబంధించిన ఫొటోలను ఎంపిక చేసి, వాటి కింద వివరణ రాయగలుగుతారు.
- "చేశాను", "చేయించాను" అనే క్రియల తేడా గుర్తించి సరిగా వాడగలుగుతారు.
- ధరను తికమక లేకుండా చెప్పగలుగుతారు.
- విచారణకు, ఫిర్యాదుకు మర్యాదగా జవాబు రాయగలుగుతారు.

14.2 చదివేవారు ఎవరు?

ఏది రాయాలన్నా ముందు చదివేవారిని గుర్తు చేసుకోవాలి. మీ పరిచయాన్ని ముఖ్యంగా మూడు రకాలవారు చూస్తారు.

మొదటివారు మీ ఊరివారు. వీరు మీరు చేసిన ఇంటికి వచ్చి కళ్లతో చూడగలరు. రెండవవారు వేరే నగరంలో ఉద్యోగం చేస్తూ సొంత ఊళ్లో ఇల్లు కట్టుకొన్నవారు. బెంగళూరులో ఉండి నెల్లూరులో ఇల్లు చేయించుకొనేవారు ఇటువంటివారే. మూడవవారు అమెరికాలోనో, గల్ఫ్ దేశాల్లోనో ఉండి హైదరాబాదులో కొన్న ఫ్లాటుకు పని చేయించుకొనేవారు. వీరికి ఫోనులో కనపడేదే ఆధారం.

ముగ్గురి మనసులోనూ ఉండే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే.
1. ఈయన (లేదా ఈమె) ఏ ఊళ్లో ఉంటారు?
2. మా ఇంటిలాంటి ఇల్లు ఎప్పుడైనా చేశారా?
3. ఎంత ఖర్చవుతుంది? దేనికి ఎంత?
4. ఎన్ని రోజులు పడుతుంది?
5. అడ్వాన్సు ఇచ్చిన తరువాత ఫోను ఎత్తుతారా?

ఈ ఐదు ప్రశ్నలకు జవాబు దొరికే పరిచయమే మంచి పరిచయం.

14.3 ఎక్కడ పెట్టాలి?

అన్నిచోట్లా ఒకేసారి మొదలుపెట్టవలసిన పని లేదు. ఈ వరుసలో వెళ్లండి.

(అ) గూగుల్ మ్యాప్‌లో మీ పేరు: దీనిని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు. రుసుము లేదు. పేరు, ఊరు, పనివేళలు, ఫోను నంబరు, ఫొటోలు పెట్టవచ్చు. "దగ్గరలో ఇంటీరియర్ పని" అని వెతికేవారికి కనపడే అవకాశం ఉంటుంది. ఆఫీసు లేకుండా ఇంటినుంచే పనిచేసేవారు ఇంటి చిరునామా దాచి, పనిచేసే ప్రాంతాలను మాత్రమే చూపవచ్చు.

(ఆ) వాట్సాప్ బిజినెస్: మన దేశంలో 2018 నుంచి దొరుకుతున్నది. ఇందులో కేటలాగు పెట్టుకోవచ్చు. సొంత సంభాషణలూ పని సంభాషణలూ కలిసిపోకుండా వేరే నంబరు వాడటం మంచిది.

(ఇ) ఇన్‌స్టాగ్రామ్: ఫొటోలు, చిన్న వీడియోలు చూపటానికి అనువైనది. పని జరుగుతున్న దశలు ఇక్కడ చూపండి.

(ఈ) సొంత వెబ్‌సైటు: ఏడెనిమిది పనులు చూపగలిగే స్థితి వచ్చిన తరువాత ఆలోచించండి. వెబ్‌సైటు పేరు మీ పేరు మీదనే కొనిపించుకోండి. చేసిపెట్టినవారి పేరు మీద ఉంటే, రేపు వారు దొరకకపోతే ఆ పేరు మీ చేతిలో ఉండదు.

ఎక్కడ పెట్టినా పేరు, ఫోను నంబరు, ఊరు ఒకేలా ఉండాలి. ఒకచోట "శ్రీ ఇంటీరియర్స్" అనీ, మరోచోట "శ్రీ డెకార్స్" అనీ ఉంటే ఇద్దరు వేర్వేరు మనుషులనుకొంటారు.

14.4 పరిచయ వాక్యాలు

ఈ రెండు నమూనాలను చదివి పోల్చండి.

నమూనా 1: "మేము ప్రపంచస్థాయి నాణ్యతతో, అత్యాధునిక హంగులతో, మీ కలల సౌధాన్ని నంబర్ వన్‌గా తీర్చిదిద్దుతాం."

నమూనా 2: "రాజమండ్రి, కాకినాడ ప్రాంతాల్లో ఫ్లాట్లకు వంటగది, కప్‌బోర్డుల డిజైన్ చేసి, పని దగ్గరుండి చేయిస్తాను. ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఒకసారికి రెండు ఇళ్లకు మించి ఒప్పుకోను."

మొదటి నమూనాలో ఊరు లేదు, పని పేరు లేదు. దానిని ఎవరి పేరు కిందనైనా అతికించవచ్చు. రెండవ నమూనాలో ఎక్కడ, ఏమి, ఎంతకాలంగా, ఎట్లా అనే నాలుగూ ఉన్నాయి. "రెండు ఇళ్లకు మించి ఒప్పుకోను" అనే మాట, మీరు ఫోను ఎత్తుతారా అన్న అనుమానానికి కూడా జవాబు చెబుతున్నది.

ఇక్కడ ఒక చట్టం గుర్తుంచుకోవాలి. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారు మాత్రమే తమను "ఆర్కిటెక్ట్" అని చెప్పుకోవచ్చు. ఇతరులు ఆ మాట వాడితే శిక్షకు గురి అవుతారు. "ఇంటీరియర్ డిజైనర్" అనే పేరుకు ఇటువంటి నియమం లేదు. కాబట్టి "ఇంటీరియర్ ఆర్కిటెక్ట్" అని గొప్పకోసం రాసుకోవద్దు. డిప్లొమా ఉంటే దాని పేరు రాయండి. లేకపోతే ఎవరి దగ్గర, ఎన్నేళ్లు పని నేర్చుకొన్నారో రాయండి. అది చిన్నతనం కాదు.

పాఠ్యాంశ ప్రశ్నలు - 1
1. ఆఫీసు లేనివారు గూగుల్ మ్యాప్‌లో తమ పేరు ఎట్లా చూపవచ్చు?
2. పరిచయ వాక్యాల్లో తప్పక ఉండవలసిన నాలుగు విషయాలు ఏవి?
3. "ఆర్కిటెక్ట్" అని ఎవరు చెప్పుకోవచ్చు?

14.5 ఫొటోలు

మంచి కెమెరా లేదని ఆగవద్దు. ఫోను చాలు. ఈ జాగ్రత్తలు తీసుకోండి.

- ఫోను అద్దం మెత్తని గుడ్డతో తుడవండి.
- పగటి వెలుతురులో తీయండి. కిటికీకి ఎదురుగా నిలబడి తీస్తే గది చీకటిగా వస్తుంది. కిటికీ మీ పక్కకు ఉండేట్లు నిలబడండి.
- ఫోనును ఛాతీ ఎత్తులో, నిటారుగా పట్టుకోండి. పైకి వంచితే గోడలు వాలినట్లు కనపడతాయి.
- గది పెద్దదిగా కనపడాలని మరీ వెడల్పు లెన్సు వాడవద్దు. చూడటానికి వచ్చినవారు "ఫొటోలో పెద్దగా ఉందే" అంటే అక్కడే నమ్మకం తగ్గుతుంది.
- పని మొదలుపెట్టక ముందు ఒక ఫొటో తీసి, పూర్తయిన తరువాత అదే చోట నిలబడి మరొకటి తీయండి.

ఒక్కొక్క ఇంటికి ఐదారు ఫొటోలు చాలు: పూర్తి గది, తలుపులు తెరిచిన కప్‌బోర్డు, ఒక మూల దగ్గరగా, పని మధ్యలో తీసినది, ముందటి స్థితి. తలుపులు తెరిచి చూపటం మరవవద్దు. సన్‌మైకా మెరుపు అందరి ఫొటోల్లోనూ ఉంటుంది. లోపలి అరలు ఎట్లా అమర్చారో చూస్తేనే పనితనం తెలుస్తుంది.

అది మీ ఇల్లు కాదు అని కూడా గుర్తుంచుకోండి. యజమాని అనుమతి తీసుకొన్న తరువాతనే ఫొటోలు పెట్టాలి. అనుమతిని ఒక వాట్సాప్ సందేశం రూపంలోనైనా రాయించుకోండి. పిల్లల ఫొటోలు, ఇంటి నంబరు, బీరువా లాకరు, ప్రధాన ద్వారం తాళం కనపడకూడదు. అందంగా చేసిన ఇల్లు దొంగకు దారి చూపకూడదు కదా.

ఇతరుల ఫొటోలు వాడవద్దు. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద ఫొటోలకు రక్షణ ఉంది. మీరు డబ్బిచ్చి ఫొటోగ్రాఫర్‌తో తీయించుకొన్న ఫొటోపై, వేరే ఒప్పందం లేకపోతే, సాధారణంగా హక్కు మీదే అవుతుంది. స్నేహితుడు ఉచితంగా తీసి ఇచ్చినదానిపై హక్కు అతనిది. అడిగి వాడుకోండి.

కంప్యూటరులో గీసిన త్రీడీ చిత్రాలు, కృత్రిమ మేధతో తయారైన చిత్రాలు ఇప్పుడు ఫొటోల్లాగానే కనపడుతున్నాయి. వాటి కింద "ఇది ఊహాచిత్రం, పూర్తయిన పని కాదు" అని తప్పక రాయండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధిస్తున్నది. వీటిపై చర్య తీసుకొనే కేంద్ర ప్రాధికార సంస్థ 2020 జూలై నుంచి పనిచేస్తున్నది. ఈ చట్టంలో 10 లక్షల రూపాయల వరకు జరిమానాకు వీలుంది.

14.6 ఒక పని గురించి రాయటం

ఫొటో ఏమి చేశారో చూపుతుంది. ఎందుకు అట్లా చేశారో చెప్పేది మాట. ఇల్లు, ఇబ్బంది, ఉపాయం, సామగ్రి, రోజులు, ఎవరి పని - ఈ ఆరు విషయాలు వరుసగా రాయండి. ఇది ఒక ఊహా నమూనా.

"గుంటూరులో రెండు పడక గదుల ఫ్లాటు. వంటగది 8 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. ఇంట్లో ఐదుగురు ఉంటారు. గ్రైండరు నేలమీద ఉండేది. బియ్యం డబ్బా, ఆవకాయ జాడీలు హాల్లో పెట్టుకొనేవారు. వంట చేసే అమ్మగారి ఎత్తు ఐదడుగుల లోపు. అందుకని గట్టు ఎత్తు 32 అంగుళాలకే ఉంచాం. గ్రైండరు గట్టు కింద, బయటికి లాగే బల్ల మీద అమర్చాం. జాడీలకు లోతైన కింది అర ఇచ్చాం. సింకు కింద తడి తగులుతుంది కాబట్టి అక్కడ మెరైన్ ప్లైవుడ్ వాడాం. అనుకొన్నది 20 రోజులు, పట్టింది 26 రోజులు. గ్రానైటు రావటం ఆలస్యమైంది. డిజైన్ నేను చేశాను. చెక్కపని మా మేస్త్రి బృందంతో చేయించాను."

ఈ పేరాలో పొగడ్త మాట ఒక్కటి కూడా లేదు. అయినా చదివినవారికి ఈ డిజైనర్ ఇంట్లో ఉండే మనుషులను చూసి పనిచేస్తారని అర్థమవుతుంది. ఆరు రోజుల ఆలస్యం దాచలేదు. దానివల్ల మిగతా మాటలను కూడా నమ్మబుద్ధవుతుంది.

సామగ్రి పేర్లు సరిగా రాయండి. ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణాలున్నాయి. సాధారణ వాడకపు ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 303, మెరైన్ ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 710. "వాటర్‌ప్రూఫ్ ప్లై" అని ఊరికే రాయటం కన్నా ఏ ప్రమాణంలోనిదో రాయటం మంచిది.

14.7 భాషాంశం: చేశాను - చేయించాను

పై నమూనాలో "డిజైన్ చేశాను", "చెక్కపని చేయించాను" అనే రెండు క్రియలు ఉన్నాయి. మొదటిది కర్త స్వయంగా చేసిన పని. రెండవది ఇతరులతో జరిపించిన పని. ఇతరులతో పని జరిపించటాన్ని తెలిపే క్రియలను ప్రేరణార్థక క్రియలు అంటారు. సాధారణంగా ధాతువుకు "ఇంచు" చేరి ఇవి ఏర్పడతాయి.

చేయు - చేయించు
వేయు - వేయించు
కట్టు - కట్టించు
రాయు - రాయించు
తీయు - తీయించు

పని చేసినవారి పేరు పక్కన "తో" లేదా "చేత" వస్తుంది.
ఉదా: పెయింటరుతో రంగులు వేయించాను. మేస్త్రి చేత అటక కట్టించాం.

తెలుగులో ఈ ఒక్క "ఇంచు"తో పని ఎవరిదో తేలిపోతుంది. వడ్రంగి చేసిన దానికి డిజైనర్ "చేశాను" అని రాస్తే వడ్రంగి కష్టం కనపడకుండా పోతుంది. అట్లాగే మేస్త్రి, తాను గీయని డిజైన్‌ను తనదిగా చూపకూడదు. ఒక సంస్థలో ఉద్యోగం చేస్తూ పాల్గొన్న పని అయితే, ఆ సంస్థ అనుమతితో "ఆ బృందంలో కొలతలు, డ్రాయింగులు నేను చూశాను" అని రాయండి. మీ వంతు చిన్నదైనా అది మీదే.

పాఠ్యాంశ ప్రశ్నలు - 2
1. ఊహాచిత్రం కింద ఏమని రాయాలి?
2. ఈ వాక్యాన్ని ప్రేరణార్థకంగా మార్చండి: "ఎలక్ట్రీషియన్ దీపాలు బిగించాడు." ("నేను" కర్తగా)
3. సింకు కింద మెరైన్ ప్లైవుడ్ ఎందుకు వాడారు?

14.8 ధర చెప్పటం

"చదరపు అడుగు 1,400 రూపాయలు" అని రాస్తే చదివేవారు గది నేల కొలత అనుకోవచ్చు. కప్‌బోర్డుల పనిలో మాత్రం సాధారణంగా ముందు వైపు కొలత, అనగా ఎత్తును వెడల్పుతో హెచ్చించి లెక్కిస్తారు. ఈ తేడా దగ్గరే చాలా తగాదాలు పుడతాయి. కాబట్టి లెక్క చేసి చూపండి.

ఉదాహరణ (ధర కేవలం లెక్క కోసం): కప్‌బోర్డు ఎత్తు 7 అడుగులు, వెడల్పు 6 అడుగులు.
కొలత: 7 × 6 = 42 చదరపు అడుగులు
ధర: 42 × 1,400 = 58,800 రూపాయలు
జీఎస్టీ 18 శాతం: 10,584 రూపాయలు
మొత్తం: 69,384 రూపాయలు

సేవల విషయంలో ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు (కొన్ని ప్రత్యేక రాష్ట్రాల్లో 10 లక్షలు) దాటితే జీఎస్టీ నమోదు అవసరం. నమోదు లేనివారు జీఎస్టీ పేరుతో డబ్బు వసూలు చేయకూడదు. ధరలో ఏవి కలిశాయో, ఏవి కలవలేదో కూడా రాయండి. హేండిళ్లు, అద్దం, రవాణా, పాత సామాను తొలగింపు వంటివి ముందే చెప్పటం మంచిది.

14.9 విచారణలు, అభిప్రాయాలు, ఫిర్యాదులు

చాలామంది మొదట పంపే సందేశం "రేటెంత?" అనే ఒక్క మాటే. దానికి ఒక్క అంకె పంపితే సంభాషణ అక్కడితో ఆగుతుంది. ఇట్లా రాయండి.

"నమస్కారం అండి. అడిగినందుకు సంతోషం. వంటగది కొలతలు, రెండు ఫొటోలు పంపితే రెండు రోజుల్లో సుమారు లెక్క పంపుతాను. ఇల్లు ఏ ఊళ్లో అండి? ఎప్పటికి కావాలి?"

పెద్దవారిని "గారు" చేర్చి పిలవండి. వయసు తెలియకపోయినా "మీరు" అనే రాయండి. రాత్రి వచ్చిన సందేశానికి మరునాడు ఉదయం జవాబు ఇవ్వవచ్చు. వారం తరువాత ఇవ్వటం మాత్రం ఇవ్వకపోవటంతో సమానం.

పని పూర్తయి, ఇంటివారు నెల రోజులు వాడుకొన్న తరువాత అభిప్రాయం రాయమని అడగండి. చుట్టాలతో, స్నేహితులతో లేని పనికి పొగడ్తలు రాయించవద్దు. ఇంటర్నెట్‌లోని వినియోగదారుల అభిప్రాయాల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని వెలువరించింది. అభిప్రాయాలు నిజమైనవిగా ఉండాలన్నదే దాని సారం.

ఎవరైనా పదిమందీ చూసేట్లు ఫిర్యాదు రాస్తే వాదనకు దిగవద్దు. జవాబు ఆ ఒక్కరికే కాదు, తరువాత చదివే అందరికీ. ఈ నమూనా చూడండి.

"నమస్కారం అండి. తలుపు సరిగా పడటం లేదని రాశారు. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాను. శనివారం ఉదయం మేస్త్రితో కలిసి వచ్చి చూస్తాను. సరిచేసిన తరువాత మీకు తృప్తిగా ఉంటే ఆ సంగతి ఇక్కడ రాయండి."

రాసినట్లు శనివారం వెళ్లాలి. వెళ్లకపోతే ఎంత మంచి తెలుగు రాసినా ఉపయోగం లేదు.

14.10 సారాంశం

- పరిచయంలో ఊరు, పని, అనుభవం, పద్ధతి స్పష్టంగా ఉండాలి.
- ఫొటోలు మీ పనివే కావాలి. యజమాని అనుమతి ఉండాలి. ఊహాచిత్రమైతే ఆ మాట చెప్పాలి.
- ప్రతి పనికీ ఇల్లు, ఇబ్బంది, ఉపాయం, సామగ్రి, రోజులు, ఎవరి పని అనే ఆరు విషయాలు రాయాలి.
- స్వయంగా చేసినదానికి "చేశాను", ఇతరులతో జరిపినదానికి "చేయించాను" వాడాలి.
- ధరతోపాటు కొలత పద్ధతిని చెప్పాలి.
- విచారణకు త్వరగా, ఫిర్యాదుకు శాంతంగా జవాబు ఇవ్వాలి.

14.11 పదాలు - అర్థాలు

విచారణ: వివరాలు అడగటం
ఊహాచిత్రం: ఇంకా చేయని పనిని ఊహించి గీసిన బొమ్మ
గట్టు: వంటగదిలో పొయ్యి పెట్టుకొనే రాతి బల్ల
అటక: సామాను పెట్టుకొనేందుకు గోడ పైభాగంలో కట్టిన చోటు
ప్రేరణార్థకం: ఇతరులతో పని జరిపించటాన్ని తెలిపేది

14.12 అభ్యాసం

1. మీ పని (ఏ వృత్తి అయినా సరే) గురించి మూడు వాక్యాల పరిచయం రాయండి. "అత్యుత్తమ", "నంబర్ వన్" వంటి మాటలు వాడవద్దు.
2. మీకు తెలిసిన ఒక ఇంట్లో చేసిన మార్పును ఆరు విషయాల వరుసలో రాయండి.
3. కప్‌బోర్డు ఎత్తు 7 అడుగులు, వెడల్పు 5 అడుగులు, ధర చదరపు అడుగుకు 1,200 రూపాయలు. జీఎస్టీ లేకుండా ఎంత?
4. "మీ పని వారం ఆలస్యమైంది" అనే ఫిర్యాదుకు నాలుగు వాక్యాల్లో జవాబు రాయండి.

రాసినదాన్ని ఈ వృత్తితో సంబంధం లేని ఇంటివారికి ఒకసారి చదివి వినిపించండి. వారు అడిగే ప్రశ్నలే మీరు వదిలేసిన విషయాలు. వాటిని చేర్చి మళ్లీ రాయండి.

14.13 పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్నలు - 1
1. ఇంటి చిరునామా దాచి, పనిచేసే ప్రాంతాలను మాత్రమే చూపవచ్చు.
2. ఎక్కడ, ఏ పని, ఎంతకాలంగా, ఏ పద్ధతిలో.
3. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారు.

ప్రశ్నలు - 2
1. "ఇది ఊహాచిత్రం, పూర్తయిన పని కాదు."
2. నేను ఎలక్ట్రీషియన్‌తో దీపాలు బిగింపించాను. ("బిగించే పని చేయించాను" అని కూడా రాయవచ్చు.)
3. అక్కడ తడి తగులుతుంది కాబట్టి.

అభ్యాసం 3వ ప్రశ్నకు జవాబు: 7 × 5 = 35 చదరపు అడుగులు; 35 × 1,200 = 42,000 రూపాయలు.